ముప్పావు రొట్టె

"నాకు సమజ్ కాలే, మేడం."

మహేందర్ సార్ చెయ్యెత్తడం ఇది నాలుగోసారి. రోజారాణి చేతిలో సుద్దముక్క చెమటకు తడిసిపోయింది.

శామీర్‌పేట దగ్గరి ఆ హైస్కూల్లో చుట్టుపక్కల బడుల టీచర్లంతా పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. ఒకరు పాఠం చెప్పాలి, మిగతావాళ్లు ఆరో తరగతి పిల్లల్లా నటిస్తూ వినాలి. ఆ మీటింగు పద్ధతే అంత. ఈసారి వంతు రోజారాణిది.

ఆమెకు మాత్రం అది వంతు కాదు, పరీక్ష. హెడ్మాస్టర్ బాలనర్సయ్య పొద్దున్నే తేల్చి చెప్పాడు.

"కత్తెర్లు, కాయితాలు పట్టుకోని ఆటలాడిస్తే సిలబస్ ఎప్పుడైతది మేడం? ఇయ్యాల ఇరవై నిమిషాల్ల అందరికి సమజయ్యేటట్టు చెప్పున్రి. లేకుంటే రేపటిసంది ఆరో తరగతి లెక్కలు మహేందర్ సారుకిస్త."

ఆ మహేందరే ఇప్పుడు ముందు బెంచీలో కూర్చుని అడ్డుపడుతున్నాడు. ఇంకా ఏడు నిమిషాలే ఉంది.

బోర్డు మీద లెక్క అలాగే ఉంది. మూడుని ముప్పావుతో, అంటే 3/4తో, భాగించాలి; జవాబు నాలుగు.

"భాగిస్తే తక్కువ కావాలె గద మేడం? మూడు పోయి నాలుగెట్లయితది?"

"ఒరేయ్ మహేందర్, గైడు తెచ్చుకోలేదారా?" వెనక నుంచి హరీష్ సార్ అరిచాడు. గది గొల్లుమంది.

మహేందర్ నవ్వలేదు. "గైడుల తిరగేసి గుణించుమన్నడు. ఎందుకు తిరగెయ్యాలె?"

కావాలనే చేస్తున్నాడు, అనుకుంది రోజారాణి. ఆమె క్లాసులో ఎంత మొండి పిల్లాడూ ఇంత సతాయించలేదు. బాలనర్సయ్య చేతి గడియారం వైపు చూసి, పెన్ను మూత తీశాడు.

ఆమె సుద్దముక్క పక్కన పెట్టేసింది. గుండ్రంగా కత్తిరించిన మూడు పేపరు ముక్కలు, ఓ కత్తెర తెచ్చి మహేందర్ ముందు పెట్టింది.

"ఇవి జొన్నరొట్టెలు. మనిషికి ముప్పావు రొట్టె పెట్టాలె. ఎంతమందికొస్తయో నేను చెప్ప. నువ్వే కొయ్యి."

"ఎట్ల కొయ్యాలె?"

"ముప్పావంటే ఎన్ని పావులు?"

"మూడు."

"మరి పావులు చెయ్యి."

కత్తెర నెమ్మదిగా కదిలింది. బయట తుర్కపల్లి వైపు పోయే కంపెనీ క్యాబొకటి హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. ఇంకా నాలుగు నిమిషాలు. మూడు. బల్ల మీద పన్నెండు ముక్కలు తేలాయి. మహేందర్ వాటిని మూడేసి చొప్పున కుప్పలు పెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

అతని చెయ్యి ఆగిపోయింది.

"మూడు రొట్టెల్ని నాలుగేసి ముక్కలు జేస్తిని... మూడేసి పంచితిని..." బోర్డు వైపు చూశాడు. "నాలుగుతోని గుణించుడు, మూడుతోని భాగించుడు. తిరగేసుడంటే గిదేనా!"

బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. గదంతా చప్పట్లు.

"ఏం యాక్షన్ సార్ మీది!" బాలనర్సయ్య పెన్ను మూత పెట్టేశాడు. "మొద్దు పిలగాన్ని దించేసిన్రు పో. మేడం, ఆరో తరగతి మీదే. కత్తెర్లు గూడ మీయే."

అందరూ టీ కోసం బయటికి నడిచారు. రోజారాణి కాగితం ముక్కలు ఏరుకుంటోంది. మహేందర్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"మీకో దండం సార్," అంది ఆమె తలెత్తకుండానే. "నా క్లాసు గుంజుకునేటందుకు మస్తు నటించిన్రు."

మహేందర్ ఓసారి తలుపు వైపు చూశాడు. మూడు ముక్కలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నటించలే మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "పద్నాలుగేండ్ల సంది పిల్లలకు తిరగెయ్యమనే చెప్తున్న. ఎందుకో నాకు ఇయ్యాలనే తెలిసింది."