గుంతలోకి కొత్త లైటు

“ఇదీ వద్దు,” అన్నాడు మెకానిక్, షాపువాడు వెలిగించి చూపించిన మూడో చేతిలైటును పక్కకి నెట్టేస్తూ.

భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “దీనికేమొచ్చిందండీ?”

“కళ్ళు జిగేలుమంటున్నాయి.”

“లైటులోకి గుడ్లప్పగించి చూస్తే జిగేలుమనవా మరి? మీరు చూడాల్సింది బండి కిందకి.”

ఆమె తండ్రి, ఆ గ్యారేజీ పెట్టిన పెద్దాయన, లైటు అందుకుని బరువు చూశాడు. “అల్లుడు చెప్పింది నిజమేనమ్మా. పైగా బరువు కూడానూ. దీన్ని పట్టుకుంటే ఇంక పానా ఏ చేత్తో పట్టుకోను?”

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. రేడియో ఎంత గట్టిగా పెట్టాలన్న దగ్గర కూడా ఏనాడూ ఒక మాట మీద నిలబడని మామా అల్లుళ్ళు ఇవాళ ఉన్నట్టుండి ఒకటైపోయారు.

షాపువాడు ఓపికున్నవాడే. పై అర లోంచి ఇంకొకటి తీశాడు. “ఇది చూడండి. గుప్పెట్లో పడుతుంది. వెనకాల అయస్కాంతం ఉంది, ఇనుముకి అంటుకుంటుంది. రెండు చేతులూ ఖాళీ. ఒకసారి చార్జింగ్ పెడితే రోజంతా వెలుగుతుంది.”

“అది ఊడి మొహం మీద పడితే?” అన్నాడు మెకానిక్.

షాపువాడు దాన్ని ఇనప బీరువాకి అంటించి, “ఊడదీయండి చూద్దాం,” అన్నాడు. మెకానిక్ గట్టిగా లాగితే లైటు రాలేదు, బీరువా తలుపు వచ్చింది.

“పాత బల్బుకేమైంది? బాగానే ఉందిగా,” గొణిగాడు పెద్దాయన.

“అంత బాగుంటే మొన్న సైలెన్సరుకి నుదురెందుకు కొట్టుకున్నావు నాన్నా? బండి కింద ఆ గుంతలో నువ్వెవరో, ఆయనెవరో, ఇంజనేదో తెలీదు నాకు.”

మెకానిక్ భయం వెలుగంటే కాదు, ఆ వెలుగులో మామగారికి కనబడబోయేదంటే.

వాళ్ళ గ్యారేజీలో ఒక పద్ధతి ఉంది. బండి కింద గుంతలోకి దిగితే ఎడమవైపు నట్లన్నీ పెద్దాయనవి, కుడివైపువి అల్లుడివి. బిగించినవాడు నట్టు మీద నుంచి బోల్టు చివరిదాకా తెల్ల పెయింటుతో సన్నని గీత గీస్తాడు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. గీత పడిన నట్టును రెండోవాడు ముట్టుకోకూడదు. ఆ రూలు పెట్టింది పెద్దాయనే.

మూడేళ్ళ క్రితం ఆయన గీత గీసిన నట్టు ఒకటి అల్లుడి పానాకి ఇంకో అరచుట్టు తిరిగింది. అంటే పెద్దాయన దాన్ని వదులుగానే వదిలేశాడన్నమాట. అప్పటినుంచి, మామగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ, ఎడమవైపు నట్లన్నీ మళ్ళీ బిగించి, పాత గీతలు గుడ్డతో తుడిచి కొత్తవి గీస్తున్నాడు. ఎంత తుడిచినా తెల్లటి మరక కొద్దిగా మిగిలిపోతుంది. పాత బల్బు గుడ్డివెలుగులో అది ఎవరికీ కనబడదు. కనబడిన రోజున ఆ పెద్దమనిషి మళ్ళీ పానా పట్టడు. సెలవురోజుల్లో ఆయన ఎలా ఉంటాడో మెకానిక్ చూస్తూనే ఉన్నాడు. కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయే బండ్ల చప్పుడు వింటూ, ఏ బండికి ఏ జబ్బో తనలో తను చెప్పుకుంటూ ఉంటాడు. ప్రతి రోజూ అలాగే గడపాల్సి వస్తే ఆ మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడు?

“ఇదే కట్టివ్వండి,” అంది భార్య షాపువాడితో. “వీళ్ళని అడిగితే తెల్లారినట్టే.”

గ్యారేజీకి రాగానే మామా అల్లుళ్ళిద్దరూ గుంతలోకి దిగితే, ఆమె లైటు వెలిగించి తనే కిందికి అందించింది. నిన్న పని పూర్తయిన స్కూలు వ్యాను ఇంకా గుంత మీదే ఉంది. పెద్దాయన లైటు అందుకుని, ఒక్క క్షణం తటపటాయించి, వ్యాను అడుగున అంటించాడు. గుంతంతా పట్టపగలైంది.

ఎడమవైపు ప్రతి గీత కిందా మరక తెల్లగా కనబడుతోంది. పెద్దాయన ఒక నట్టును బొటనవేలితో రాసి చూశాడు. తర్వాత పక్కదాన్ని, ఆ పక్కదాన్ని.

“ఈ గీత నాది కాదు,” అన్నాడు.

మెకానిక్ నసిగాడు. “మామయ్యా... పిల్లలెక్కే బండి కదా అని...”

“ఈ ఒక్క బండేనా?”

“కాదు. అన్నీ.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడేళ్ళు.” అబద్ధం చెప్పి లాభం లేదని తెలిసిపోయింది. “మీ పనితనం మీద అనుమానంతో కాదు మామయ్యా. మీరు మానేస్తారేమోనని చెప్పలేదు. మీరు పక్కన లేకుండా ఈ గుంతలోకి ఒక్కణ్ణీ దిగడం నావల్ల కాదు.”

పెద్దాయన చేతిలో పానా మీద జిడ్డు తుడిచి, దాన్ని గట్టు మీద పెట్టాడు.

“ఏమండీ, వెలుగు సరిపోయిందా?” పైనుంచి భార్య కేకేసింది.

పెద్దాయన రెండు చేతులతో లైటు పీకి, కుడివైపుకి మార్చి అంటించాడు. మెకానిక్ తల తిప్పి తన నట్ల వైపు చూశాడు. అక్కడా ప్రతి గీత కిందా మరక ఉంది. ఆ వైపు గీతల్ని అతను ఒక్కనాడూ తుడిచి ఎరగడు.

“నువ్వు భోజనానికి ఇంటికెళ్ళినప్పుడల్లా,” అన్నాడు పెద్దాయన, తల వంచుకుని. “నాలుగేళ్ళ నుంచి.”