అన్‌ఫిట్ కాయితం

"సంతోషి ఇల్లు ఇదేనా తమ్మీ?"

మొదటి షిఫ్టు దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న రాజం తలెత్తి చూశాడు. క్వార్టర్ ముందు ఎవరో ముసలాయన. మాసిన చొక్కా, చంకలో సంచి.

"నేను ఆమె తండ్రిని. ఏం గావాలె?"

"పిల్ల చెవు సంగతి చెప్పిపోదామని వచ్చిన."

రాజం చేతిలో చెంబు ఆగిపోయింది.

సంతోషి మిలిటరీ అకాడమీ పరీక్ష గెలిచింది. ఇంటర్వ్యూ గెలిచింది. చివర్న మెడికల్‌లో 'అన్‌ఫిట్' అని రాసి చేతిలో పెట్టారు. మళ్లీ రాద్దామంటే వయసు దాటిపోతుంది. ఈ సంగతి రాజం క్వార్టర్ల వరసలో ఎవరికీ చెప్పలేదు. చెప్పింది ఒక్క పైరవీకారు సదానందానికే. పైసలిస్తే 'అన్‌ఫిట్'ను 'ఫిట్' చేయిస్తానన్నాడతను.

ముసలాయన సంచిలోంచి మడత కాయితం తీశాడు.

"చెవిల గుబిలి గట్టిపడ్డది. లోపలి పొర కనవడక అన్‌ఫిట్ రాసిన్రు. గంతే. కడిగిస్తె పావుగంట పని. నలభై రెండు రోజులల్ల అప్పీలుకు పోవాలె. ఇంక పదకొండే ఉన్నయ్. ఇది పట్టుకొని జల్ది పొండ్రి."

రాజం కాయితం గుంజుకున్నాడు. తన చేత్తో సదానందానికి ఇచ్చిన అసలు కాయితం అదే!

"ఇది నీకాడికి ఎట్ల వచ్చింది?"

ముసలాయన సంచి మూతి ముడేసుకున్నాడు.

"నిన్నే అడిగేది! నా ఇల్లు ఎట్ల దెల్సు? నా బిడ్డ పేరెట్ల దెల్సు?"

"అది వదిలెయ్ తమ్మీ. ఇరవయ్యేండ్లు మిలిట్రీ దవాఖానల చాకిరి చేసిన. గిసుంటి కాయితాలు మస్తు చూసిన."

"ఎంత గావాలె?"

"ఏమొద్దు."

"ఓహో! సదానందం గిరాకిని గుంజుకుందామని వచ్చినవా?"

సంతోషి లోపలి నుంచి ఉరికొచ్చింది.

"బాపూ, తాత చెప్పేదే కాయితంల ఉన్నది. మొదటిసంది నేను గదే మొత్తుకుంటున్న గద! ఆ కాయితం లేంది నన్ను మిలిట్రీ దవాఖాన గేటు గూడ దాటనియ్యరు. నాకియ్యి!"

"నువ్వు ఊకో. ముప్పయ్యేండ్లసంది బొగ్గుబాయిల దిగుతున్న. ఫిట్టు, అన్‌ఫిట్టు ఎట్లయితదో నాకు తెల్వదా?"

రాజం ఒక్కడి మూర్ఖత్వం కాదది. ఈ బొగ్గుబాయిల నేల మీద అన్‌ఫిట్ అంటే చావుకబురు కాదు, శుభవార్త. తండ్రి అన్‌ఫిట్ అయి దిగిపోతే అతని బదులు పిల్లలకు బాయిలో నౌకరి. ఆ ఒక్క ముక్క కోసం పైరవీకారు ఇంటి చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతారు. దొరికిననాడు వాడంతా మిఠాయి పంచుతారు. ఎవడి కాళ్లూ పట్టుకోకుండా, చెవి కడుక్కుంటే మెడికల్ కాయితం మారుతుందంటే ఇక్కడ నమ్మేదెవడు?

రాజం ముసలాయన రెక్కపట్టి బయటకు నూకాడు. చెప్పు ఒకటి ఊడి మోరీలో పడింది.

"నన్ను కొట్టు, తిట్టు. పిల్లను మాత్రం తీస్కపో తమ్మీ," అంటూనే పోయాడాయన, ఒంటి చెప్పుతో.

సాయంత్రం రాజమే కాయితం తీసుకుపోయి, చౌరస్తా హోటల్లో కూర్చునే సదానందం చేతిలో మళ్లీ పెట్టాడు.

సదానందం మొహం నల్లబడింది.

"ఎట్లున్నడు ఆ ముసలోడు?"

రాజం పోలికలు చెప్పాడు.

"వాడు పెద్ద దొంగ అన్నా. మల్ల వస్తె గడప తొక్కనియ్యకు. అప్పీలని పోయి పైవాళ్లను గెలికితిరా, నేను చేసిన పనిగూడ చెడ్తది. నువ్వు ఫికర్ చెయ్యకు."

రాజం ఫికర్ చెయ్యలేదు. సంతోషి రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత తింది గానీ మాట్లాడడం మానేసింది.

నలభై రెండో రోజు సదానందం "రేపు" అన్నాడు. నలభై మూడో రోజు ఫోన్ ఎత్తలేదు. నలభై అయిదో రోజు స్విచ్చాఫ్.

ఆ రోజే సంతోషి ఒక్కతే గోదావరిఖని పోయి చెవుల డాక్టరుకు చూపించుకొచ్చింది. గడపలో నిలబడే చెప్పింది.

"కడిగిండు బాపూ. పావుగంట గూడ పట్టలే. పొర మంచిగున్నదట."

రాజం బసంత్‌నగర్ బస్సెక్కాడు. అడిగి అడిగి సదానందం ఇల్లు పట్టుకుని, తలుపు మీద పిడికిళ్లతో గుద్దాడు.

తలుపు తీసింది ఆ ముసలాయన.

"నువ్వా! గీడెందుకున్నవ్? అయితే మీరిద్దరు ఒక్కటేనా? ఏడీ ఆ లంగదొంగ?"

"ఎటు పోయిండో నాకూ చెప్పలే తమ్మీ. పిల్లను తీస్కపోయినవా?"

రాజం ఎత్తిన పిడికిలి దించాడు.

ముసలాయనకు అర్థమైంది. అక్కడే గడప మీద కూలబడ్డాడు.

"ఆ దినం నీ కాయితం వాని సంచిలకెల్లి దొంగతనం చేసి తెచ్చిన," అన్నాడు నేల చూస్తూ. "వాడు నా కొడుకు."