చెంబులో గింజ

చెంబు బోర్లించగానే బల్ల మీద చింతగింజ పడింది. ఒక్కటే. వరుసగా మూడో రోజు.

"ఎవల్ది గిది?" అన్నాడు అమరేందర్.

హాల్లో నాలుగు వరుసల్లో కూర్చున్న ఇరవై మంది గుమస్తాలు పలకలు ఎత్తి చూపించారు. ఎవరి అంకే మారలేదు.

యాభై ఎనిమిదో సంవత్సరం అది. కట్టబోయే ఆనకట్ట కింద నేలలో నీరు ఎంత బలంగా ఊరుతుందో నల్లగొండలోని ఆ హాల్లో లెక్క కడుతున్నారు. ఎడమ గోడ మీద వంద అని రాసి ఉంది. అది నిండు జలాశయం. కుడి గోడ మీద సున్న, అది దిగువ. మధ్యలో ఒక్కో గుమస్తా ఒక్కో చదరం నేల. గంట కొట్టగానే చుట్టూ ఉన్నవాళ్ల అంకెలు అడిగి, సగటు కట్టి తన పలక మీద రాసుకోవాలి. అంకె ఎంత మారితే అన్ని చింతగింజలు చెంబులో వేయాలి. చెంబు ఖాళీగా మిగిలిన రోజు లెక్క తేలినట్టు.

లెక్క తేలితేనే, దాన్ని నడిపిస్తున్న అమరేందర్ సెలవు కాగితం మీద పెద్దసారు సంతకం పడుతుంది. ఆరింటికి పాలమూరు బస్సు, అక్కడి నుంచి ఆలంపూర్. పెండ్లయి పంతొమ్మిది రోజులు. మంజులతకు తుంగభద్ర చూపిస్తానని మాటిచ్చాడు. ఆదివారం ఆషాఢం పడుతుంది. ఆమెను అచ్చంపేటకు, పుట్టింటికి తీసుకుపోతారు. మళ్లీ నెల దాకా పంపరు. ఇవాళ గురువారం.

ఆ లెక్క మొదటి నుంచీ మొరాయిస్తూనే ఉంది. మొదట్లో అంకెలు పెరిగి పెరిగి నూట ముప్పై దాటాయి. జలాశయంలో కంటే దాని కింద నేలలో నీళ్లు ఎక్కువయ్యాయి. కాగితం మీద ఆనకట్ట పడవలా తేలిపోయింది. వెతికితే అది గుమస్తా మైసయ్య చేసిన పని. పెండ్లిళ్లలో కట్నాలు రాసిన చెయ్యి కదా, సున్నతో ముగిసిన ప్రతి అంకెకూ ఒకటి కలుపుతున్నాడు.

"సున్న మీద ఎట్ల ఆపుత సారు? మంచి పని గద చేస్తున్నం" అన్నాడు.

"నీళ్లకు గివన్నీ ఎర్కుంటయా మైసన్నా?" అని నవ్వి, అమరేందర్ ఆ ఒకట్లన్నీ తుడిపించాడు.

తర్వాత పక్కపక్కన కూర్చున్న ఇద్దరి అంకెలు ఒకటి లేస్తే ఒకటి కూర్చోవడం మొదలుపెట్టాయి. రావలసిన మార్పులో సగమే రాయండని చెప్పాడు. అవీ కుదురుకున్నాయి. గింజలు రోజురోజుకూ తగ్గాయి. నలభై, పన్నెండు, ఐదు, ఒకటి. అక్కడ ఆగిపోయాయి.

చెంబును అనుమానించడానికి లేదు. అది పెండ్లికి వచ్చిన ఇత్తడి చెంబు. మూతి ఇరుకు కాబట్టి లోపల ఎన్ని పడ్డాయో ఎవరికీ కనబడదని అమరేందర్ ఏరికోరి తెచ్చాడు. ఆఫీసులో మాత్రం విడిచి రావద్దని మంజులత షరతు పెట్టింది. అందుకని సాయంత్రం అతనితో పాటే ఇల్లు చేరేది. పొద్దున ఆమె దాన్ని తళతళలాడేలా తోమి, గుడ్డలో చుట్టి, గడప దగ్గర రెండు చేతులతో అందించేది. ఆ సమయంలో అతనికి ఆమె గాజుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు.

గుమస్తాలందరి చేతా పలక మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించాడు. ఎవరూ ఒప్పుకోలేదు. జేబులు తిరగేయించాడు. ఒకతని జేబులో చింతగింజలు దొరికాయి గానీ అవి వేయించినవి. అతను నాలుగు నమిలి చూపించి నిర్దోషినని నిరూపించుకున్నాడు. గోడల మీది అంకెలు ఎవరైనా దిద్దారేమోనని నిచ్చెన వేసి చూశారు. వంద వందగానే, సున్న సున్నగానే ఉన్నాయి.

"మూడొద్దులసంది నేను కదిలిన గని నా అంకె కదలలె సారు" అన్నాడు మైసయ్య. "గా ఒక్క గింజ మేమెందుకు ఏస్తం?"

ఐదున్నరకు పెద్దసారు వచ్చాడు. బయట జీపు ఇంజను ఆపలేదు. ఒక చేతిలో కలం, ఇంకో చేతిలో సెలవు కాగితం. అమరేందర్ నసిగాడు, ఒక్క గింజే కదా అని.

"రేపు కట్ట తెగితే గీ గింజ చూపించి జవాబు చెప్తవా?" అన్నాడు పెద్దసారు. "ఇది యాడికెళ్లి వస్తున్నదో తేలేదాకా సంతకం లేదు. సెలవూ లేదు."

అంతలో ట్రంకు పెట్టె పట్టుకుని మంజులత గుమ్మంలో నిలబడింది. బస్సుకు వేళవుతోందని ఆమే వచ్చేసింది. గుమస్తాలందరూ తలలు దించుకున్నారు. అమరేందర్ ఆమె కళ్లలోకి చూడలేక బల్ల మీది గింజను చూశాడు. ఆమె కూడా అటే చూసింది. ఆమె ముఖం వెలిగింది. గబగబా వచ్చి గింజను తీసుకుని కొంగున ముడి వేసుకుంది.

"గది నీకెందుకు?" అన్నాడు అమరేందర్ నీరసంగా.

"నాదే గద. పొద్దుగాల పనికి పోయే మనిషి చేతికి ఖాళీ చెంబు ఎట్ల ఇస్తరు? రోజూ నేనే ఒక గింజ ఏసి పంపుతున్న."