గదిలో మరో మనిషి

"గదిలో మరో మనిషి ఉన్నారు" అంది మళ్లీ ల్యాప్‌టాప్ తెర.

ఉన్నదే ఒక్క గది. వెనక మంచం మీద నడుం పడిపోయిన అత్తగారు. ఇంట్లోంచే కెమెరా ముందు ఒంటరిగా రాయాల్సిన పరీక్ష. దూరవిద్య డిగ్రీకి కోడలికి ఇదే ఆఖరి అవకాశం.

"అత్తయ్యా, గోడవైపు తిరగ్గలరా?"

"తిరగ్గలిగితే నీకీ తిప్పలెందుకు? ఇన్నేళ్లూ నువ్వు నన్ను లేనట్టే చూశావుగా. ఇవాళ ఆ తెరనీ అలాగే చూడనీ."

అత్తగారు దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. పరీక్ష మొదలైంది. ఇక మాట వినిపిస్తే రద్దు.

కాసేపటికి కోడలు తెర మూల కనిపిస్తున్న మంచాన్ని చూసింది. దుప్పటి కదలడం లేదు. ప్రశ్న చదవబోయింది, అక్షరాలు కంటికి ఆనలేదు.

"అత్తయ్యా, ఊపిరాడుతోందా?"

తెర ఎర్రబడింది. పరీక్ష రద్దు.

"ఆడుతోందే, పిచ్చిదానా" అంది దుప్పటి కింది గొంతు. "నోర్మూసుకుని రాయి."

ఆవిడకి వినపడేలా కోడలు మీటలు నొక్కుతూనే ఉంది.