మింగిన కోపం

“మంట తిన్నాక వస్తుందా, తినకముందే వస్తుందా?” అడిగాడు హోమియో డాక్టరు.

“కంచం చూస్తేనే వస్తుందండీ,” అన్నాడు పెద్దాయన పొట్ట పట్టుకుని. “ఇదివరకు రాళ్లు తిన్నా అరిగేవి. ఇప్పుడు రొట్టెముక్క కూడా గొంతు దిగట్లేదు.”

“దాహం ఎక్కువా? నీళ్లు చల్లగా తాగాలనిపిస్తుందా, వేడిగానా? పులుపు ఇష్టమా, తీపా? ఏ పక్కకి తిరిగి పడుకుంటారు?”

“నేను కడుపుమంట మొర్రో అంటుంటే పడక సంగతి ఎందుకండీ? పోలీసులైనా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు!”

డాక్టరు నొచ్చుకోలేదు. హోమియో వైద్యం అంతే మరి! జబ్బు ఒకటే అయినా మనిషికో మందు. ఆ మనిషి ఎలాంటివాడో తేలేదాకా ప్రశ్నలు తప్పవు. బయట బెంచీ కూడా ఖాళీ అయింది, ఈయనే ఆఖరు. అందుకని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“కోపం వస్తే అరుస్తారా, మింగేస్తారా?”

పెద్దాయన చటుక్కున తలెత్తాడు.

“మింగేస్తున్నాను. అదేగా నా బాధ! ఒక్కగానొక్క కూతురు. ఎవణ్ణో ఇష్టపడిందట. చేసుకుంటే వాణ్ణే చేసుకుంటానంటుంది. కాదంటే అది ఏడుస్తుంది, ఔనంటే దాని బతుకేమైపోతుందోనని నాకు భయం.”

“మంట అప్పుడే మొదలైందా?”

“ఆ మాట చెవిన పడగానే. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.”

“అదీ సంగతి! కారం తగ్గించండి, టీలు మానండి. కానీ కోపంతో తింటే అమృతమైనా అరగదండీ. ఆ అబ్బాయి మీద ఉన్నదంతా ఇక్కడ కక్కేయండి, నేను వింటాను.”

అడగడమే ఆలస్యం, పెద్దాయన అందుకున్నాడు.

“వాడికేదో చిన్న కొట్టుందట. రోజంతా వచ్చినవాళ్లతో కబుర్లు చెబుతూ కూర్చుంటాడట. అదీ ఒక పనేనా? నా బంగారుతల్లికి వీడు తప్ప ఇంకెవరూ దొరకలేదా? వాడి మొహం, వాడూనూ! మాటలతో మాయ చేసే దగుల్బాజీ!”

తిట్ల దండకం చాలాసేపే సాగింది. డాక్టరు గడియారం వంక చూడలేదు. మధ్యలో ఆయన గొంతు బొంగురుపోతే మంచినీళ్ల గ్లాసు మాత్రం ముందుకు జరిపాడు.

“కొట్టు చిన్నదైతే మనసూ చిన్నదవుతుందా అండీ?” అన్నాడు చివరికి. “ఓసారి అతని ఎదురుగా కూర్చుని చూడండి.”

“కూర్చుంటే తెలిసిపోతుందా?”

“విసుక్కోండి, దెప్పండి, నోటికొచ్చినట్టు తిట్టండి. ఓపిగ్గా విన్నాడనుకోండి, రేపు మీ అమ్మాయి మాటా వింటాడు. ఒంటికాలి మీద లేచాడో, నేనే వచ్చి మీ అమ్మాయికి నచ్చజెబుతాను.”

“మాట మీద నిలబడతారా?”

“తప్పకుండా.”

పెద్దాయన పొట్ట తడుముకున్నాడు. ఆశ్చర్యం! మంట నిజంగానే తగ్గింది, పైగా ఆకలి కూడా వేస్తోంది.

డాక్టరు తెల్లటి మాత్రలు పొట్లం కట్టి చేతికిచ్చాడు. “రేపు మధ్యాహ్నం నేనుండనండీ, ఒకరింటికి భోజనానికి పిలిచారు. ఎల్లుండి ఓసారి కనబడండి.”

పెద్దాయన పొట్లం జేబులో వేసుకుని, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

“రేపు భోజనానికి ఆలస్యం చెయ్యకు, అల్లుడూ!”