రెండో బటన్

కొత్త ఆపరేటర్ చెంప ఛెళ్ళుమంది.

"ఆ తీగ ఎవడు విప్పమన్నాడురా?" అన్నాడు మేస్త్రీ.

రేకులు నొక్కే ప్రెస్సు అది. రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కితేనే పైనున్న ఇనుప దిమ్మ కిందికి దిగుతుంది. అలాగైతే దిమ్మ కింద నలగడానికి ఏ చెయ్యీ ఖాళీగా ఉండదు. కానీ పని నత్తనడక. అందుకే మేస్త్రీ ఒక బటన్‌ని తీగతో బిగించి కట్టేశాడు. ఒక చేత్తో రేకు పెట్టడం, రెండో చేత్తో నొక్కడం.

"చేతులు పోతాయి మేస్త్రీ," పెదవి మీది రక్తం తుడుచుకున్నాడు కొత్తవాడు.

"చేతులంటే అంత ముద్దయితే జేబులో పెట్టుకుని ఇంటికి పో."

మళ్ళీ కొట్టబోయాడు. కుడిచెయ్యి లేవలేదు. భుజం నుంచి వేళ్ళదాకా కర్రముక్క అయిపోయింది. ఎడమచేత్తో కాలర్ పట్టుకుని వాడి తల గోడకేసి కొట్టాడు.

నాలుగు నెలలుగా ఆ చేతిది ఇదే వరస. సాయంత్రం డాక్టర్ స్కానింగ్ చూసి, "నరాలు బాగానే ఉన్నాయి," అన్నాడు.

"అంటే నాటకమాడుతున్నానా?"

"కాదు. చెయ్యి నిజంగానే కదలట్లేదు. లోపల భయమో దిగులో ముదిరినా ఒక్కోసారి ఇలా అవుతుంది. నాలుగు నెలల కిందట ఏమైనా జరిగిందా?"

"ఏం జరగలేదండీ."

అంటుండగానే వేళ్ళు మొద్దుబారాయి.

జరిగింది. ఆ ప్రెస్సు కిందే ఒక ఆపరేటర్ నలిగి చచ్చిపోయాడు. పోలీసులు వచ్చేలోపు మేస్త్రీ తీగ విప్పేశాడు. తాగి వచ్చాడని రాయించాడు. వాళ్ళటు వెళ్ళగానే మళ్ళీ కట్టాడు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చిన మర్నాడు చూస్తే తీగ మళ్ళీ విప్పి ఉంది.

మేస్త్రీ ఇనుప కడ్డీతో కొత్తవాడి వీపు మీద నాలుగు వేశాడు. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"పిరికి వెధవా, చూడు పనెలా చెయ్యాలో."

తీగ బిగించి తనే ప్రెస్సు ముందు నిలబడ్డాడు. కుడిచేత్తో రేకు లోపలికి నెట్టాడు. ఎడమచెయ్యి అలవాటు కొద్దీ బటన్ నొక్కేసింది.

కుడిచెయ్యి వెనక్కి రాలేదు. లోపలే చచ్చుబడిపోయింది.

కొత్తవాడు ఒక్క ఉదుటున లేచి ఆ చేతిని బయటికి ఈడ్చి పారేశాడు. దిమ్మ దిగింది. ఎముకలు పటపటమన్నాయి. నెత్తురు మేస్త్రీ ముఖం మీదికి చిమ్మింది.

భుజం దాకా చెయ్యి పోయింది కొత్తవాడికి. ఆస్పత్రి చేరేలోపే ప్రాణమూ పోయింది.

ఉద్యోగంలో చేరినప్పుడు వాడు రాసిచ్చిన నంబరుకి మేస్త్రీ ఫోన్ చేశాడు. ఎవరో ముసలావిడ ఎత్తింది. జరిగింది చెప్పాడు.



"అదే ప్రెస్సు కిందా నాయనా?" అంది ఆవిడ. "తమ్ముడు తాగి చావలేదని తేల్చుకున్నాకే వస్తానని చెప్పి వెళ్ళాడు నా పెద్దోడు."