గ్రీనే అన్నా

మైపాడు తుఫాను టవర్లో వైర్‌లెస్ సెట్టు చూసుకునే శివకి కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

గాలి లేచింది. వేటకు పోయిన బోట్లు ఇంకా లోపలే ఉన్నాయి. వాటిలో వాళ్ల నాయిన పోలేరయ్య బోటు ఒకటి. సముద్రంలో సెల్‌ఫోన్లు పనిచేయవు. తిరిగి రమ్మని నెల్లూరు ఆఫీసులో చెప్తే, ఆ మాట నెట్‌వర్కు లైను మీద ఈ టవరుకొచ్చి, ఇక్కడి వైర్‌లెస్ సెట్టు నుంచి బోట్లకు పోవాలి. ఆ లైనే డౌన్ చూపిస్తోంది.

"శివా, నెట్‌వర్కు స్విచ్చి పెట్టెలో మన వైరు గుచ్చిన పోర్టు చూడు," ఫోన్లో ఇంజనీరు గంగాధరం తొందరపెట్టాడు. "రెడ్ లైటుంటే పోర్టు పోయినట్టు. వైరు పీకి పక్కదాన్లో పెట్టు, నిమిషం పని. గ్రీనుంటే మాత్రం ముట్టుకోబాక. లోపం దారిలో లైను మీద ఉన్నట్టు. ఏ లైటుంది?"

శివ వంగి చూశాడు. వరసగా లైట్లు. చెమట కళ్లలోకి కారింది.

"అన్నిట్లాగే ఉందన్నా. గ్రీనే."

"బాగా చూసినావా?"

"గ్రీనే అన్నా."

గంగాధరం దారి పొడుగునా స్తంభాలు వెతకమని మనుషుల్ని తరిమాడు. శివ కిటికీకి అతుక్కుపోయాడు. బిట్రగుంటలో రైలు నడిపే ఉద్యోగం నోటిదాకా వస్తే, సముద్రాన్ని వదిలి ఉండలేనని వెనక్కొచ్చినోడు శివ. ఊరంతా పిచ్చోడంది. పోలేరయ్య మాత్రం నా కొడుకంటే వాడని మీసం దువ్వాడు. ఆ సముద్రమే ఇవాళ నాయిన్ని మింగేట్టుంది. శివకి ఏడుపు తన్నుకొచ్చింది. పోలేరమ్మకు పొట్టేల్ని మొక్కుకున్నాడు. గాలి తగ్గలేదు, లైను రాలేదు.

చాలాసేపటికి వానలో తడుస్తూ పెళ్లాం రోజా మెట్లెక్కి వచ్చింది.

"ఏమయ్యా, మావ సంగతేమైనా తెలిసిందా?" అంటూనే స్విచ్చి వైపు చూసింది. "అన్నీ ఆకుపచ్చగా ఉండాయి, ఇదొక్కటే ఎర్రగా ఉందేంది?"

శివ ఒక్క దూకులో స్విచ్చి దగ్గరికి పోయాడు. వైరు పీకి పక్క పోర్టులో గుచ్చాడు. సెట్టు గరగరమంది. నెల్లూరు గొంతు సముద్రం మీదికి పోయింది. ఒక్కో బోటూ జవాబిచ్చింది, పోలేరయ్య బోటు తప్ప.

"గ్రీనన్నావు గదరా," పోర్టు మార్చగానే లైను రావటం చూసి ఫోన్లో గంగాధరం నిలదీశాడు.

రైలు ఉద్యోగం తను వదులుకున్నది కాదనీ, ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే కనబడే కళ్లంటూ, తను పనికిరాడని డాక్టరు రాసి పంపేశాడనీ శివ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న పెళ్లానికి కూడా.